తెర మీద సమ్మె... కొని ఆడొచ్చా?

పని మొదలవ్వాల్సిన వేళ... మనుషులంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. లోపల విషవాయువు ఉంది, గాలి ఆడే ఏర్పాటు చేసేదాకా దిగేది లేదంటున్నారు. పైవాళ్లిచ్చిన గడువేమో తరుముకొస్తోంది. ఓడలో రావాల్సిన ఉక్కు ఇంకా రేవుకి చేరలేదు. ఇప్పుడేం చేస్తారు? వాళ్లడిగింది ఒప్పుకుని రెండ్రోజుల పని వదులుకుంటారా? ఏదో ఒక మాటిచ్చి దింపేస్తారా? లేక బెదిరిస్తారా?

గోదావరిఖనిలోనో, రామగుండంలోనో పుట్టి పెరిగినవాళ్లకి ఇలాంటి కథలు కొత్తేం కాదు. కాకపోతే ఇది జరుగుతున్నది ఏ ఇంక్లైన్ దగ్గరో కాదు, కంప్యూటర్ తెర మీద. సమ్మె చేసేది బొమ్మ మనుషులు. తేల్చాల్సింది మాత్రం మౌస్ పట్టుకుని కూర్చున్నవాళ్లే!

ఆ ఆట పేరు ఫ్రాస్ట్‌పంక్. పోలండ్ రాజధాని వార్సాలో ఉన్న 11 బిట్ స్టూడియోస్ అనే సంస్థ దీన్ని 2018 ఏప్రిల్‌లో విడుదల చేసింది. పైన చెప్పిన సమ్మె అసలు ఆటలో కనిపించదు. దానికి అనుబంధంగా 2020 జనవరిలో వచ్చిన 'ద లాస్ట్ ఆటమ్' అనే భాగంలో ఉంటుంది. ఇలా అసలు ఆట కొన్నాక విడిగా డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే భాగాల్నే డీఎల్‌సీలు అంటారు. వీటి మీద ఆటగాళ్లకు అంత మంచి అభిప్రాయమేం లేదు. భోజనం టికెట్టు కొనుక్కుని కూర్చున్నాక పెరుగుకి వేరే డబ్బులడిగినట్టు ఉంటుంది చాలాసార్లు. హీరోకి కొత్త చొక్కా, కారుకి కొత్త రంగు... అంతకుమించి ఏమీ ఉండదు.

మరి ఈ ఆఖరి శరత్తు సంగతేంటి? ముఖ్యంగా బొగ్గు పొట్ల మధ్య బతికే కుర్రకారు దీనికి డబ్బు పెట్టొచ్చా?

బొగ్గు ఉంటేనే బతుకు

ముందు అసలు ఆట గురించి రెండు ముక్కలు. కథాకాలం 1880లు. సూర్యుడి వేడి తగ్గిపోయి భూమంతా మంచు కమ్మేస్తుంది. ఇంగ్లండ్ నుంచి పారిపోయి వచ్చిన కొద్దిమంది ఉత్తరాన ఒక పెద్ద గొయ్యిలో తలదాచుకుంటారు. ఆ గొయ్యి మధ్యలో ఆకాశాన్నంటే ఇనుప యంత్రం. దాని పేరు జనరేటర్. అందులో బొగ్గు మండితేనే చుట్టూ ఉన్న ఇళ్లకు వెచ్చదనం. బొగ్గు అయిపోతే ఊరు అయిపోయినట్టే. రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాల్ని చిన్నప్పట్నుంచీ చూసినవాళ్లకి ఆ బొమ్మ చూడగానే ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది.

ఆటగాడు ఆ ఊరికి పెద్ద. ఇళ్లు కట్టించాలి, బొగ్గు తవ్వించాలి, తిండి చూడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా చట్టాలు చేయాలి. పసిపిల్లల్ని పనిలోకి పంపాలా, బడి లాంటి చోట ఉంచాలా? షిఫ్టుని పద్నాలుగు గంటలకు పెంచాలా? చచ్చిపోయినవాళ్లకి శ్మశానం కట్టాలా, మంచులో గొయ్యి తీసి పడేయాలా? ప్రతి చట్టానికీ ఒక లాభం, ఒక పాపం. చివర్లో ఊరు బతికిందని చెప్పి ఊరుకోదు ఆట. అందుకోసం మీరు చేసినవన్నీ ఒక్కొక్కటే చూపించి, ఇదంతా అవసరమేనా అని అడుగుతుంది.

ఇక్కడో చిత్రమైన సంగతి ఉంది. ఆటలో మహా తుపాను వచ్చిపడే సంవత్సరం 1886. ఆ అంకెకున్న ప్రాధాన్యం వల్లే 2025లో ప్రకటించిన ఈ ఆట కొత్త రూపానికి 'ఫ్రాస్ట్‌పంక్ 1886' అని పేరు పెట్టారు. సింగరేణి చరిత్ర చదివినవాళ్లకి కూడా అది బాగా తెలిసిన సంవత్సరమే. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాక, అక్కడ తవ్వుకునే హక్కులు ఇంగ్లండులో పెట్టిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి దక్కింది 1886లోనే. 1889లో తవ్వకం మొదలైంది. అది కాకతాళీయమే. కానీ తెర మీద కనిపించే టోపీల దొరలూ, ఆవిరి యంత్రాలూ, టెలిగ్రాఫు కబుర్లూ, ఎక్కడో దూరాన ఉండి గడువులు పెట్టే కంపెనీ... ఇవన్నీ ఇల్లెందులో బొగ్గు బయటికి తీసిన కాలానివే.

చలి కథ కాదు... పని కథ

ఇంతకీ అనుబంధంలో కొత్తగా ఏముంది? చాలానే ఉంది. కథ అసలు ఆటకన్నా ముందుకెళుతుంది. మంచు ఇంకా రాలేదు. వస్తుందని తెలిసిన కంపెనీ, జనరేటర్ కట్టడానికి ఒక బృందాన్ని ఓడలో పంపుతుంది. వాళ్లు దిగే చోటుకి ఒక నంబరుంది... 113. బొగ్గు బెల్టులో ఇది మామూలే కదా! జీడీకే ఒకటి, రెండు, ఏడు, పదకొండు అంటూ గనుల్ని అంకెలతో పిలిచినట్టే.

అసలు ఆటలో జనరేటర్ ముందే ఉంటుంది. దాన్ని ఎవరు కట్టారో ఎవరూ అడగరు. ఈ భాగం అడుగుతుంది. అందుకే ఆట తీరే మారిపోయింది. మొదట్లో చలి గొడవే లేదు. అసలు ఆటలో ఉండే 'ఆశ' అనే కొలత తీసేసి దాని స్థానంలో 'ఉత్సాహం' పెట్టారు. పనిచేసేవాళ్లకి మనసుంటే పని జోరుగా సాగుతుంది, మనసు విరిగితే నత్తనడక. దాని పక్కనే అసంతృప్తి. ఈ రెంటి మధ్య సర్కస్ తాడు మీద నడవాలి.

సరుకు కోసం టెలిగ్రాఫ్ ఆఫీసు నుంచి కబురు పంపాలి. ఓడలు వస్తాయి. ఉక్కు కావాలంటే ఉక్కు, మనుషులు కావాలంటే మనుషులు. రేవులో దించుకుని, వర్క్‌షాపుల్లో భాగాలు చేయించుకుని, ఒక్కో అంచె కట్టుకుంటూ పోవాలి. గడువులోగా ఒక్కో దశ పూర్తికావాలి. ఎక్కడ ఆలస్యమైనా వెనకాల అన్నీ ఆగిపోతాయి. ఈ లెక్కలు వేసుకోవడంలో ఉన్న మజా వేరు. అసలు ఆటని రెండుమూడుసార్లు గెలిచి, ఇక చూడాల్సిందేం లేదనుకున్నవాళ్లు కూడా ఇక్కడ మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సిందే. ఒక డీఎల్‌సీ నుంచి అంతకన్నా ఏం ఆశిస్తాం!

గాలి లెక్క

అన్నిటికన్నా గట్టిగా చెప్పుకోవాల్సింది భద్రత గురించి. ప్రతి పనిచోటుకీ ప్రమాదం ఎంతో చూపించే కొలత ఉంటుంది. షిఫ్టు పొడిగిస్తే పని పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. జనరేటర్ కోసం తవ్విన గుంతలోంచి విషవాయువు ఎగదన్నుకొస్తుంది. గాలి పంపే ప్లాంట్లు కట్టాలి. వాటికి ఉక్కు కావాలి, మనుషులు కావాలి. ఆ ఉక్కూ, ఆ మనుషులూ జనరేటర్ పనిలోంచి తగ్గాల్సిందే. అందుకే కొత్తగా ఆడేవాళ్లలో చాలామందికి ఒకటే ఆలోచన వస్తుంది... ఈ ఒక్క దశ అయ్యాక కడదాంలే అని.

సరిగ్గా ఇక్కడే ఆట ఆటలా అనిపించదు.

నిజం గనిలో గాలి లెక్క ఎంత పక్కాగా ఉంటుందో తెలిస్తే ఈ భాగం ఇంకా బాగా అర్థమవుతుంది. మన బొగ్గుగనుల నిబంధనల ప్రకారం భూగర్భంలో పనిచేసే ప్రతి విభాగానికీ, ఎక్కువమంది ఉండే షిఫ్టుని లెక్కలోకి తీసుకుని, మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. లేదంటే రోజుకి తీసే ప్రతి టన్ను బొగ్గుకీ నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు. ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది. గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. మండే వాయువు 1.25 శాతం దాటిందంటే కరెంటు ఆపేసి మనుషుల్ని వెనక్కి తేవాల్సిందే. ఉత్పత్తి ఎంత వెనకబడింది, నెలాఖరు ఎంత దగ్గర్లో ఉంది అన్న ప్రశ్నే ఆ నిబంధనలో లేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకి చోటిచ్చిన ప్రతిసారీ ఏం జరుగుతుందో ప్రపంచంలోని బొగ్గుగనులన్నీ చూశాయి.

గోదావరిఖనికి అది మరీ బాగా తెలుసు. 2003 జూన్ 16న ఇక్కడి 7 ఎల్‌ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో కప్పు కూలినప్పుడు పోయిన ముగ్గురిలో అధికారులూ ఉన్నారు. బండ కూలేటప్పుడు కింద ఉన్నది కార్మికుడా, అధికారా అని చూడదు.

ఆటలో ఆ బండ మీద పడదు. నిర్ణయం తీసుకునే పెద్దమనిషి తెరమీద ఎక్కడా కనిపించడు. అతనికి దెబ్బ తగలదు, దగ్గు రాదు. మరీ ఘోరంగా నడిపితే పదవి ఊడుతుంది, ఆట అయిపోతుంది, అంతే. దీన్ని లోపమనీ అనొచ్చు. అయితే దూరంగా కూర్చుని గడువులు పెట్టేవాడి బుర్ర ఎలా పనిచేస్తుందో అంతకన్నా బాగా చూపించడం కష్టం. షిఫ్టు పొడిగించే బొత్తాం నొక్కినప్పుడు చేతికి ఏమీ తెలియదు. పొద్దున్నే ఒక చిన్న సందేశం వస్తుంది, ఫలానా చోట ప్రమాదం జరిగిందని. మనిషి మీద క్లిక్ చేస్తే పేరు కూడా కనిపిస్తుంది. చాలామంది క్లిక్ చేయరు.

'వీళ్ల సంఘం ఏది బిడ్డా?'

భద్రత పట్టించుకోకపోతే సమ్మె తప్పదు. ఒక పనిచోట మనుషులు పని ఆపేస్తారు. ఏం కావాలో చెబుతారు. ఎక్కువగా అడిగేది భద్రత, తిండి, విశ్రాంతి లాంటివే. వాటిలో కొన్నిటికి ఒప్పుకోవచ్చు, గడువు పెట్టి మాటివ్వొచ్చు. ఇచ్చిన మాట తప్పితే అసంతృప్తి భగ్గుమంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే పక్క పనిచోటుకీ అంటుకుంటుందేమోనన్న భయం. వీడియోగేముల్లో కార్మికులంటే నోరూవాయీ లేకుండా చెట్లు కొట్టి, రాళ్లు మోసే చీమలే. ఆ చీమలు ఒకరోజు తలెత్తి 'చెయ్యం' అనడం... అదొక్కటి చాలు ఈ భాగాన్ని మిగతా వాటినుంచి వేరు చేయడానికి.

అయినా సింగరేణి నుంచి రిటైరైన నాయిన ఎవరైనా కొడుకు భుజం మీంచి ఒక పావుగంట ఈ ఆట చూస్తే 'సరే గనీ, వీళ్ల సంఘం ఏది బిడ్డా? లీడరెవ్వడు?' అనడిగే అవకాశం ఉంది. ఆ ప్రశ్నకి ఆట దగ్గర సమాధానం లేదు. ఆటలో సమ్మె ఉరుములేని పిడుగులా ఊడిపడుతుంది. ముందురోజు గేటు మీటింగు లేదు, కరపత్రం లేదు, నోటీసు లేదు. ఒక సంఘం రమ్మంటే ఇంకో సంఘం వద్దనడం లేదు. మాట్లాడటానికి వచ్చేవాళ్లకి పేరూ చరిత్రా ఉండవు.

సింగరేణిలో సమ్మె అంటే అదంతా ఉండాల్సిందే. 1980, 90ల్లో ఒక్కో గనిలో చిన్న కారణానికి కూడా పని ఆగిపోయిన రోజులున్నాయి. ఎవరితో మాట్లాడాలో తేలక యాజమాన్యం, ఎవరి మాట వినాలో తేలక కార్మికుడు తలపట్టుకున్న రోజులూ ఉన్నాయి. 1998లో రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. మొన్న 2023 డిసెంబర్ 27న జరిగిన ఎన్నికల దాకా బాయి దగ్గర ఓట్ల పండగ ఎలా ఉంటుందో ఇక్కడి ఇంటింటికీ తెలుసు. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో గనులు ఆగిపోయింది కూడా జీతం కోసమో, గాలి కోసమో కాదు. కార్మికుడు కార్మికుడిగానే కాకుండా ఒక ప్రాంతం మనిషిగా కూడా పని ఆపగలడన్న ఊహ ఈ ఆటకి అందనే అందదు.

ఆటలో మీ ముందు రెండు దారులు పెడతారు. కార్మికుల పక్షమా, ఇంజినీర్ల పక్షమా తేల్చుకోవాలి. ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోతుంది. రెండూ మంచిగానే మొదలవుతాయి. ఒక్కో చట్టం చేసుకుంటూ పోయేకొద్దీ ఇంజినీర్ల దారి ఖైదీలను తెచ్చి పని చేయించేదాకా వెళుతుంది. కార్మికుల దారిలోనూ చివరికి బలవంతమే ఎదురొస్తుంది. మధ్యేమార్గం లేదు. ఇద్దరూ ఒక బల్లకి అటూఇటూ కూర్చుని ఒప్పందం రాసుకుని, అయిదేళ్లకోసారి దాన్ని మార్చుకునే పద్ధతి ఒకటుంటుందన్న సంగతి ఆట తయారుచేసినవాళ్లకి తెలియక కాదు. నాటకీయత కోసం వదిలేసి ఉంటారు.

తెలియదనడానికి వాళ్లు పోలండ్ వాళ్లు మరి! గ్డాన్‌స్క్ ఓడల కర్మాగారంలో 1980లో జరిగిన సమ్మె నుంచే సాలిడారిటీ ఉద్యమం పుట్టింది. 1981 డిసెంబర్‌లో సమ్మె చేస్తున్న వుయెక్ బొగ్గుగని కార్మికుల మీద కాల్పులు జరిపితే తొమ్మిదిమంది చనిపోయారు. బొగ్గే బతుకుగా ఎదిగిన ఆ దేశం, 2049 నాటికి బొగ్గు గనులు మూసేయడానికి 2021లో కార్మిక సంఘాలతో ఒప్పందం చేసుకుంది. ఇదే స్టూడియో 2014లో యుద్ధంలో చిక్కుకున్న మామూలు మనుషుల మీద తీసిన 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే ఆటని 2020లో పోలండ్ ప్రభుత్వం పాఠశాలలకు సూచించే జాబితాలో చేర్చాలని నిర్ణయించింది.

ఓడలు ఆగిపోయాక...

ఈ భాగానికి అసలు ప్రాణం ఎక్కడుందంటే... సగం కథ దాటాక సముద్రం గడ్డకట్టడంలో. అప్పటిదాకా మనిషి పోతే టెలిగ్రాఫ్ కొడితే చాలు, ఇంకో మనిషి ఓడ దిగుతాడు. ఆటగాడికి పెద్ద బాధ ఉండదు. లెక్కలో ఒకటి తగ్గి మళ్లీ ఒకటి పెరుగుతుంది. ఒకరోజు ఓడలు రావడం ఆగిపోతాయి. చలి ముంచుకొస్తుంది. ఉన్నవాళ్లే ఉన్నవాళ్లు. ఇక అప్పుడు చూడాలి! అంతదాకా షిఫ్టులు పొడిగించి, గాలి ప్లాంట్లు వాయిదా వేసినవాళ్లు ఒక్కసారిగా మంచివాళ్లయిపోతారు. భద్రత తనిఖీలు పెంచుతారు, వేడి తిండి పెడతారు, ప్రతి ఒక్కరినీ కాపాడుకోవాలని చూస్తారు.

మనిషికి విలువ పెరిగింది దేనివల్ల? ఇంకొకడు దొరకడు కాబట్టి. ఆట ఈ మాట పైకి చెప్పదు. ఆడినవాళ్లకి తమంతట తామే తెలియాలి. కొంచెం సిగ్గుగానే తెలుస్తుంది. పర్మినెంటు కార్మికుడికీ కాంట్రాక్టు కార్మికుడికీ తేడా ఏంటో, దొరికే మనిషికీ దొరకని మనిషికీ తేడా ఏంటో చూసి పెరిగిన గోదావరిఖని కుర్రాడికి ఇది మరింత త్వరగా తెలుస్తుంది.

దీనికి ఒక పరిమితి కూడా ఉంది. మొదటిసారి ఆడినప్పుడు ఉన్న ఈ పట్టు రెండోసారి ఉండదు. సముద్రం ఎప్పుడు గడ్డకడుతుందో, ఏ దశలో గ్యాస్ వస్తుందో ముందే తెలిసిపోతుంది. సమ్మె కూడా ఒక లెక్కలా మారిపోతుంది. ఇన్ని గాలి ప్లాంట్లు, ఇన్ని తనిఖీలు, ఇంత తిండి... సమ్మె రాదు. ఆట గెలవడం తేలికవుతుంది, గుండె మాత్రం మొదటిసారిలా కొట్టుకోదు.

చనిపోయినవాళ్లకి వెనక ఇల్లుందన్న ఊహ కూడా తక్కువే. పనికి వచ్చినవాళ్లంతా ఇంటికి దూరంగా వచ్చినవాళ్లే. సింగరేణిలో ఒక మనిషి పోతే క్వార్టరు ఏమవుతుంది, వారసత్వ ఉద్యోగం ఎవరికి, పిల్లల చదువు సంగతేంటి అన్న ప్రశ్నలు ఆ సాయంత్రమే మొదలవుతాయి. ఆటలో వాటికి చోటు లేదు.

జేబు సంగతి

ఇక డబ్బుల మాట. ఇది విడిగా నడవదు. అసలు ఆట ఉంటేనే ఆడటం కుదురుతుంది. విడుదలైనప్పుడు అమెరికాలో అసలు ఆట ధర 30 డాలర్లయితే ఈ ఒక్క భాగానికే దాదాపు 17 డాలర్లు పెట్టారు. అంటే సగానికి పైనే! కథ ఒకసారి పూర్తి చేయడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ఒక షిఫ్టు, దానిమీద కాస్త ఓవర్‌టైమ్ అనుకోవచ్చు. రెండో పక్షం తీసుకుని మళ్లీ ఆడితే ఇంకో షిఫ్టు. కథ అక్కర్లేకుండా జనరేటర్ కట్టుకుంటూ పోయే విధానం కూడా ఇందులో అదనంగా ఉంది. పూర్తి ధరకు కొంటే కాస్త బరువే. కానీ ఆన్‌లైన్ దుకాణాల్లో ఏటా పండగ అమ్మకాలు ఉంటాయి. ఇంత పాత ఆట మీద తగ్గింపులు గట్టిగానే ఇస్తుంటారు. అప్పటిదాకా ఆగితే నష్టం లేదు.

ఇదే ఆటకి ఇంకో రెండు అనుబంధాలున్నాయి. 2019 ఆగస్టులో వచ్చిన 'ద రిఫ్ట్స్' అంటే లోయల మధ్య వంతెనలు వేసుకుంటూ పోయే ఒక కొత్త మ్యాపు, అంతే. దాన్ని వదిలేసినా ఫరవాలేదు. 2020 ఆగస్టులో వచ్చిన 'ఆన్ ద ఎడ్జ్' తుపాను తర్వాతి కథ. పెద్ద ఊరికీ, దానికి సరుకు పంపే చిన్న శిబిరానికీ మధ్య పేచీ. ఆలోచన బాగుంది. బొగ్గు ఇక్కడ, కరెంటు ఎక్కడో అన్న మాట విన్నవాళ్లకి ఆసక్తిగానూ ఉంటుంది. ఆట మాత్రం లాస్ట్ ఆటమ్ అంత చిక్కగా లేదు. మూడూ కలిపి అమ్మే సీజన్ పాస్ కన్నా ఈ ఒక్కటీ విడిగా తీసుకోవడమే మేలు. కలిపి కొంటేనే చవగ్గా వస్తుంటే అది వేరే సంగతి.

కంప్యూటర్ మరీ ఖరీదైంది అక్కర్లేదు. 4 జీబీ ర్యామ్, 2 జీబీ మెమరీ ఉన్న ఒక మోస్తరు పాత గ్రాఫిక్స్ కార్డు ఉంటే నడుస్తుంది. కాకపోతే ఊరు పెద్దదయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. తెలుగు లేదు. చదవాల్సింది చాలా ఉంటుంది కాబట్టి ఇంగ్లిషు కాస్త వచ్చి ఉండాలి. చిన్నపిల్లలకి ఇది సరిపడే ఆట కాదు. చావులూ, శిక్షలూ, కఠినమైన నిర్ణయాలూ ఎక్కువ. 2024 సెప్టెంబర్‌లో రెండో భాగం ఫ్రాస్ట్‌పంక్ 2 కూడా వచ్చింది. దాని లెక్క వేరు. అది పార్టీలు, శాసనసభ, ఓట్ల చుట్టూ తిరుగుతుంది. పనిచోటు దగ్గరి ఉక్కపోత కావాలంటే మాత్రం లాస్ట్ ఆటమ్ దగ్గరికే రావాలి. 2027లో తెస్తామని ప్రకటించిన 'ఫ్రాస్ట్‌పంక్ 1886' కోసం ఆగుదామా అంటే... తక్కువ ధరకి దొరుకుతున్నప్పుడు అంత దూరం ఆగాల్సిన పనిలేదు.

ఆడొచ్చా మరి?

ఆడొచ్చు. అసలు ఆట నచ్చినవాళ్లు తప్పకుండా ఆడొచ్చు. అసలు ఆట ఇంకా ఆడనివాళ్లు ముందు దాన్ని ఒకసారి పూర్తిచేసి రావడం మంచిది. వేడి కోసం ఆ జనరేటర్ మీద ఎంత ఆధారపడతారో తెలిస్తే, దాన్ని కట్టినవాళ్ల కథ ఇంకా బాగా మనసుకెక్కుతుంది. పరుగులూ, తుపాకులూ కావాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రాకపోవడమే మంచిది. మొదటిసారి ఎవరి సలహాలూ వెతక్కుండా, యూట్యూబులో చూడకుండా ఆడాలి. ఓడిపోతే ఓడిపోండి. ఈ ఆటలో మొదటి ఓటమికున్న విలువ రెండో గెలుపుకి లేదు.

బొగ్గు బెల్టు కుర్రాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభైవేల దగ్గర్లో ఉంది. ఎక్కువ బొగ్గు ఓపెన్‌కాస్టుల్లోంచే వస్తోంది. క్యాప్‌ల్యాంప్ పెట్టుకుని లోపలికి దిగి, కర్రతో కప్పు తట్టి శబ్దాన్ని బట్టి బండ గట్టిదో కాదో చెప్పిన తరం ఇళ్లకి చేరిపోతోంది. వాళ్ల పిల్లలు కొందరు హైదరాబాద్ కంప్యూటర్ కంపెనీల్లో ఉన్నారు. కొందరు మైనింగ్ డిప్లొమాలూ, ఇంజినీరింగులూ చదివి అదే సంస్థలో అధికారులుగా చేరాలనుకుంటున్నారు. అంటే ఈ ఆటలో మౌస్ పట్టుకున్నవాడి కుర్చీ వాళ్లకి రేపు నిజంగానే దొరకొచ్చు. నాన్న పని ఆపిన రోజున ఎదురుగా ఉన్న కుర్చీ అదే.

ఆ కుర్చీలోంచి చూస్తే సమ్మె ఎలా కనిపిస్తుందో ఆట బాగా చూపిస్తుంది. గని అడుగునుంచి చూస్తే ఎలా ఉంటుందో చూపించదు. ఆ సగం కొనుక్కోవడానికి దొరకదు. గోదావరిఖనిలో అయితే దానికోసం డౌన్‌లోడ్ చేయాల్సిన పనీ లేదు. పక్కగదిలో టీవీ చూస్తున్న నాన్నని పిలిచి, గాలి అందడం లేదని మీరు ఎప్పుడైనా పని ఆపారా అనడిగితే సరిపోతుంది.